కాగితం ప్రకారం ఇంకా రాలేదు

వెంట్రుక మందం, అంతకంటే ఎక్కువ వద్దు, ఎడమవైపు దవడపన్ను కింద అంచుని ఒక్క వెంట్రుక మందం తగ్గిస్తే అక్క చిగురు ఒరుసుకోదు అనుకుంటూ ఆమె ఒళ్ళో రుమాలు పరిచి, దాని మీద అక్క కట్టుడు పళ్ళ కింది సెట్టు పెట్టుకుని, సన్న ఆకురాయితో రెండు గీతలు గీసింది, ఎదురు బెంచీ మీది పెద్దమనిషి మొహం తిప్పుకున్నాడు, తిప్పుకోనీ, పళ్ళు లేనివాళ్ళు ఎవరూ పళ్ళని చూసి మొహం తిప్పుకోరు, ఉన్నవాళ్ళకే ఆ సోకు, ఆయనకి మాత్రం పైవరసలో మూడు సొంతవి కావు, రంగు కలవలేదు, ఎవరో తొందరపడి చేశారు, ముప్పయ్యేళ్ళుగా పరాయి దేశంలో జనం నోళ్ళకి పళ్ళు చేసి పెట్టిన మనిషి కంట పడకుండా పోతాయా, గోడ గడియారం పదకొండూ పది, చేతిలో టోకెన్ నలభై ఏడు, కిటికీ పైన ఎర్ర అంకెల్లో నలభై ఒకటి, మనిషికి ఆరేడు నిమిషాలు వేసుకున్నా పన్నెండింటికి కిటికీ మూసేలోపు తమ వంతు వచ్చేస్తుంది, వచ్చి తీరాలి, ఎందుకంటే ఇవాళ మూడో రోజు, ఈ దేశంలో పుట్టి వేరే దేశపు పౌరసత్వం పుచ్చుకున్నవాళ్ళు చుట్టపుచూపుగా వస్తే వాళ్ళ కోసం కొత్తగా ఒక వీసా పెట్టారు, జనం దాన్ని పుట్టింటి వీసా అంటున్నారు, ముప్పై రోజులు, ఒకే ఒక్క రాక, వచ్చిన మూడు రోజుల్లోపు ఈ ఆఫీసులో పేరు రాయించుకోవాలి, తోడబుట్టినవాళ్ళో కన్నవాళ్ళో ఒకరు స్వయంగా వచ్చి హామీ సంతకం పెట్టాలి, ఏ ఒక్కటి తప్పినా వీసా రద్దు, మళ్ళీ ఐదేళ్ళదాకా అడగడానికి కూడా లేదు, అయినా ఆమెకి భయంగా లేదు, మూడు రోజులుగా కాళ్ళు నేల మీద ఆనడం లేదు, ఈ హాల్లోని సున్నం వాసన, ఫాను చప్పుడు, బంట్రోతు విసుగు, అన్నీ ముద్దొస్తున్నాయి, విసుగు కూడా తన భాషలో ఉంటే ఎంత బాగుంటుందో ఇన్నాళ్ళూ మరిచేపోయింది.

పక్కన అక్క, అరవై ఏడేళ్ళ అక్క, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇంకా ఎంతసేపే బుడంకాయ్ అంది, యాభై ఆరేళ్ళ మనిషిని నలుగురిలో బుడంకాయ్ అని పిలవగలిగిన మనిషి ఈ భూమి మీద ఒక్కతే మిగిలింది, ఆ పిలుపు కోసమే కదా ఇన్ని కాగితాలు నింపింది, కాకపోతే పళ్ళు తీసి ఉన్నాయి కనుక ఆ మాట గాలి గాలిగా వచ్చింది, ఇదా ఆ గొంతు, ఒకప్పుడు బస్టాండు మొత్తం ఈ గొంతు చెప్పినట్టు నడిచేది, అక్కది మైకు దగ్గర ఉద్యోగం, అద్దాల గదిలో కూర్చుని ఏ బస్సు ఎక్కడుందో ఏది ఎంత ఆలస్యమో చెప్పేది, ఊళ్ళోవాళ్ళు మనిషిని ఎరగకపోయినా గొంతుని ఎరుగుదురు, కూరగాయల కొట్లో అక్క నోరు విప్పితే పక్కవాళ్ళు సంచులు సర్దుకునేవాళ్ళు బస్సొచ్చిందేమోనని, ముప్పై రెండేళ్ళ కిందట కొత్త భర్త వెంట ఆమె బస్సెక్కిన రోజు కూడా అక్కకి డ్యూటీయే, గది వదిలి రావడానికి లేదు, కాబట్టి వీడ్కోలు మైకులోంచి వచ్చింది, ప్రయాణికులకు మనవి, నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీది బస్సు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నది, రెండుసార్లు చెప్పాలని రూలు, అక్క నాలుగుసార్లు చెప్పింది, డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి కొట్టుకుని సిద్ధంగానే ఉన్నాను తల్లీ ఎన్నిసార్లు చెప్తావు అన్నాడు, బస్సంతా నవ్వింది, నాలుగోసారి చివర్లో ఆ గొంతు ఒక్క క్షణం ఆగింది, అది ఎవరికీ తెలియలేదు, కిటికీ పక్కన కూర్చున్న ఆమెకి తెలిసింది.

ముప్పై రెండేళ్ళు, ఏడాదికో పన్ను చొప్పున లెక్కేసినా నోటి నిండా, కట్టుడు సెట్టులో ఇరవై ఎనిమిదే ఉంటాయనుకో, అది వేరే సంగతి, అవతల దేశపు పౌరసత్వం తీసుకోకపోతే సొంతంగా పళ్ళ దుకాణం పెట్టనివ్వరు, తీసుకుంటే ఇక్కడి పౌరసత్వం వదులుకోవాలి, వదులుకున్నవాళ్ళకి నిరుటిదాకా ఇక్కడ అడుగుపెట్టే దారే లేదు, ఫోన్లలోనే అంతా, ఆ ఫోన్లలో కూడా ఆరేళ్ళ కిందట అక్క పళ్ళన్నీ పోయాక మాటలు తగ్గిపోయి ఊఁ అనడం ఆఁ అనడం దగ్గరికి వచ్చాయి, అడిగితే నవ్వు నాలుగు విధాల చేటు, మాట ఐదో చేటు అనేది, ఆ ఊఁ ఊఁలు విని విని ఒకరోజు ఆమెకి తిక్క రేగి, ఆ ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి నోటి అచ్చు తీయించి పార్సిలు చెయ్యి, చెయ్యకపోతే నాతో మాట్లాడకు అంది, మాట్లాడని మనిషిని మాట్లాడకు అనడం చూసి అవతలి గదిలోంచి భర్త నవ్వాడు, పార్సిలు విప్పి అక్క నోటి అచ్చుని చేతిలోకి తీసుకున్న రోజు మాత్రం ఆమె దుకాణంలో అందరి ముందూ ఏడ్చింది, ఎడమ చిగురు మీద చిన్న బొడిపె, చిన్నప్పుడు ఉయ్యాల కొట్టుకుని దెబ్బ తగిలిన చోటు, ఉయ్యాల ఊపింది తనే, తన తప్పు అచ్చులో పడి ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చింది, పళ్ళు చెయ్యడం ఒక్కరోజు పని కాదు, పెట్టి చూడాలి, ఒరుసుకున్న చోట తగ్గించాలి, వారానికి ఇంకోచోట నొప్పెడుతుంది, ఏడాది తిరిగేసరికి చిగురు కుంచించుకుపోయి మళ్ళీ సరిచెయ్యాలి, అంటే మళ్ళీ రావాలి, ఏటా రావాలి, ఐదేళ్ళు రావద్దంటే ఈ పళ్ళు పెట్టెలో పెట్టి దాచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు, అక్క మళ్ళీ చేతిచాటుకి వెళ్ళిపోతుంది.

సరే ఫారం నింపుదాం అని సెట్టుని డబ్బాలో పెట్టి కలం తీసింది, పేరు, పుట్టిన చోటు, పుట్టిన చోటు దగ్గర కలం దానంతటదే పరిగెత్తింది, ఇప్పటి దేశం, వృత్తి, ఎవరింట్లో దిగారు, వారు మీకేమవుతారు, అక్క, అక్క అని రాయడానికి మూడు గీతలు ఇచ్చారు, అంత పెద్ద ఖాళీలో ఆ చిన్నమాట ఎంత దర్జాగా కూర్చుందో, తర్వాతి గడి, దేశంలోకి వచ్చిన తేదీ, ప్రవేశ ముద్ర మీది నంబరు, ఆ ముద్ర చూసి రాద్దామని పాస్‌పోర్టు తెరిచింది, వీసా అంటించిన పేజీ ఉంది, పక్క పేజీ తెల్లగా ఉంది, దాని తర్వాతిదీ తెల్లగా ఉంది, వేలు తడిచేసుకుని ఒక్కొక్క పేజీ విడదీసింది, అంటుకుపోయాయేమోనని, అంటుకోలేదు, ముద్ర లేదు, ముద్ర లేదేమిటి, వెనక నుంచి ముందుకి తిప్పింది, తలకిందులుగా పట్టుకుని కూడా చూసింది, ఎందుకు చూసిందో ఆమెకే తెలియదు, గుండె ఒక్కసారి జారి మోకాళ్ళ దగ్గర ఆగింది, ఎర్ర అంకె నలభై మూడుకి మారింది.

వంతెన, మొన్న పొద్దున వంతెన, ఏటికి అవతల బస్సు దిగి నడిచి దాటాలి, ఇవతలి కొసన రెండు వరసలు, ఒకటి పౌరులు అని, ఒకటి విదేశీయులు అని, బోర్డులు పెద్దవే, గుడ్డివాళ్ళకి తప్ప అందరికీ కనపడతాయి, కానీ ఆమె ముందు నడుస్తున్నది రోజూ అవతలి సంతకి వెళ్ళి వచ్చే ఆడవాళ్ళు, పదిమంది, తలల మీద గంపలు, నోళ్ళలో కబుర్లు, ఒకామె కోడలు పప్పులో ఉప్పు వెయ్యదట, అడిగితే డాక్టరు వద్దన్నాడంటుందట, ఏ డాక్టరే అని అడిగితే మా నాన్న అందట, ఆ తండ్రి పశువుల డాక్టరట, అందరూ ఘొల్లుమన్నారు, ఆమె కూడా ఘొల్లుమంది, ముప్పై రెండేళ్ళుగా పక్కవాళ్ళ కబుర్లు ఇలా చెవిలో పడింది లేదు, అవతల దేశంలో ఎంత భాష వచ్చినా పక్క బల్ల మీది జోకు చెవిదాకా వచ్చి ఆగిపోతుంది, తర్వాత కోడలు ఏమందో వినాలి, విని తీరాలి, కాళ్ళు వాళ్ళ వెనకే వెళ్ళిపోయాయి, గేటు దగ్గర అధికారి, కోరపన్ను మీదికి పక్కపన్ను వంగి ఉన్న మనిషి, ఏ వీధమ్మా అన్నాడు ఊరికే, ఆమె నోట్లోంచి పాత పేరు వచ్చేసింది, ఆ వీధికి ఆ పేరు తీసేసి పాతికేళ్ళయిందట, ఆయన నవ్వి, మా అమ్మ కూడా ఆ పేరే అనేదమ్మా, పద పద అన్నాడు, పద అన్నాడు, ఎక్కడి నుంచి వచ్చావు అనలేదు, మీరు ఎంతకాలం ఉంటారు అనలేదు, కాగితాలు చూపించు అనలేదు, పాస్‌పోర్టు చేతిలోనే ఉంది, పట్టుకుని అలాగే దాటి వచ్చేసింది, ఉబ్బి తబ్బిబ్బయి, చూశావా, నేను ఇక్కడిదాన్నే, మొహం మీదే రాసి ఉంది అనుకుంటూ, ఇవతల బస్సెక్కి అక్క ఇంటిదాకా ఆ పద పద అన్న మాటే చప్పరించుకుంటూ వచ్చింది, నీకు సంతోషం వస్తే బుర్ర ఇంట్లో పెట్టి బయల్దేరతావు అని భర్త ఊరికే అనడు.

ఏమైందే అంది అక్క, ఏం లేదంది ఆమె, ఏం లేకపోతే మొహం అలా పెట్టుకుంటారా అంది అక్క, ఇక దాచి లాభం లేదని పాస్‌పోర్టు చూపించి చెవిలో చెప్పింది, అక్క విని విని, చేతిచాటున భుజాలు కదిలాయి, ఏడుస్తోందేమో అనుకుంది, కాదు, నవ్వుతోంది, కోడలు ఏమందే తర్వాత అని అడిగింది, అక్కా నా కొంపమునిగితే నీకు కోడలు కావాలా అంటే, చెప్పవే, వీసా ఎలాగూ పోయింది కోడలి కథైనా దక్కనీ అంది, ఆమెకి కోపం రావలసింది, రాలేదు, కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది, పక్క బెంచీలవాళ్ళు చూస్తుండగా ఇద్దరూ చిన్నపిల్లల్లా వంగిపోయి నవ్వారు, నవ్వు అయిపోయాక అక్క చెయ్యి ఆమె మణికట్టుని పట్టుకుని ఉంది, గట్టిగా, వదలడం లేదు, ఆ పట్టులో నవ్వు లేదు, అరవై ఏడుకి ఐదు కలిపితే డెబ్బై రెండు, ఆ కూడిక ఇద్దరూ మనసులోనే చేశారు, నలభై ఐదు, నలభై ఆరు, నలభై ఆరో నంబరు మనిషి ఫారంలో ఏదో తప్పు రాసి మళ్ళీ మొదటికి వచ్చాడు, రానీ, ఎంత ఆలస్యమైతే అంత మంచిది, కాదు కాదు, పన్నెండైపోతుంది, ఆలస్యం కాకూడదు, ఏది కావాలో ఆమెకే తెలియలేదు, లేచి వెళ్ళిపోదామా, వెళ్ళిపోయి ముప్పై రోజులూ ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే, తిరిగి వెళ్ళేటప్పుడు వంతెన దగ్గర పట్టుకోరా, అబద్ధమాడదామా, ముద్ర చెరిగిపోయిందని, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అమ్మ అనేది, తొక్కడం ఎలాగూ అయింది, కడుక్కోవడం ఎక్కడో తెలిస్తే బాగుండును.

నలభై ఏడు, గడియారం పన్నెండుకి తొమ్మిది తక్కువ, కిటికీ వెనక గుమాస్తాకి నలభై దాటి ఉండవు, ముందు పళ్ళు రెండింటి మధ్య సందు, హామీదారు ఎవరన్నాడు, అక్క చెయ్యెత్తింది, నోటితో చెప్పాలండి, రూలు అన్నాడు, అక్క అరచేతి వెనక నుంచి ఏదో అంది, ఆయనకి వినపడలేదు, మా అక్కనని చెప్తోందండి అని ఆమె అందుకుంది, ఊళ్ళో బస్సులన్నిటికీ చెప్పిన నోటికి తాను తర్జుమా చెయ్యాల్సి రావడం మనసులో ముల్లులా గుచ్చుకుంది, ఆయన పాస్‌పోర్టు ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ తిప్పాడు, తలకిందులుగా పట్టుకుని కూడా చూశాడు, ముద్ర ఏదండీ అన్నాడు, అబద్ధం నాలిక చివరిదాకా వచ్చి పళ్ళకి తగిలి ఆగింది, ఉన్నదంతా చెప్పేసింది, వంతెన, గంపలు, వీధి పాత పేరు, పద పద, ఆయన అంతా విని, బోర్డు ఉంది కదండీ, పౌరుల వరసలో ఎందుకు నిలబడ్డారు అన్నాడు, కబుర్లు బాగున్నాయండీ అంది, తాటిచెట్టెందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది, అది తనకే వినిపించింది, కానీ నిజం అంతకంటే వేరే లేదు, ఆయన కలం కింద పెట్టి, కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు పైన ఫాను చూసి, అమ్మగారూ, కాగితం ప్రకారం మీరింకా రాలేదు అన్నాడు.

రాలేదా, నేను మీ ముందే ఉన్నాను కదండీ అంటే, అది నా కళ్ళ ప్రకారం, కళ్ళు రిజిస్టర్లో ఎక్కించను, మూడు రోజుల గడువు ముద్ర పడ్డ రోజు నుంచి, ముద్ర పడలేదు కనుక గడువు మొదలే కాలేదు, మొదలవ్వనిది ఎలా దాటిపోతుంది అన్నాడు, ఆమె గుండె మోకాళ్ళ దగ్గర నుంచి లేచింది, సగం దారిలో ఉండగా ఆయన వేలు ఎత్తాడు, కాకపోతే రానివాళ్ళు వచ్చి నా కిటికీ దగ్గర నిలబడకూడదు, అలా నిలబడ్డవాళ్ళ పేరు నేను పైకి రాసి పంపాలి, పంపితే ఐదేళ్ళు, అని ఫారం మెల్లగా కిటికీ కిందనుంచి బయటికి తోశాడు, మీరిది నాకు ఇవ్వలేదు, ఇచ్చి ఉంటే నేను రసీదు ఇచ్చి ఉండేవాణ్ణి, రసీదు ఇచ్చానా, లేదండి, మరి అంతే, అని ఫోను ఎత్తి నంబరు తిప్పి, ఆఁ వంతెన దగ్గరేనా, మొన్న పొద్దున పౌరుల గేటు ఎవరు చూశారండీ, ఓహో తమరేనా, అదే అనుకున్నాను, ఇక్కడొక పెద్దావిడ ఉన్నారు, ఆవిడ ఇంకా రాలేదు, పంపిస్తాను, సరిగ్గా రప్పించండి, ఆఁ, అవునవును, ఆ పాత పేరు వీధి ఆవిడే అని పెట్టేశాడు, పన్నెండుంపావుకి బస్సుంది, ఆయన రెండింటికి డ్యూటీ దిగుతాడు, తర్వాత ఎక్కేవాడు కన్నతల్లిని కూడా కాగితం చూశాకే అమ్మా అంటాడు, పరుగెత్తండి, ఎల్లుండి ముద్రతో రండి, అప్పుడు నేను మిమ్మల్ని మొదటిసారి చూస్తాను, అని కిటికీ మూశాడు, ఆ పళ్ళ సందు ఎంత అందంగా ఉందో, ఎవరైనా కలిపేద్దామంటే ఒప్పుకోవద్దని చెప్పాలనిపించింది, అప్పటికే కిటికీ మూతపడింది.

పరుగు, అరవై ఏడూ యాభై ఆరూ కలిసి పరుగు, నువ్వు ఇంటికి వెళ్ళక్కా మోకాలు నొప్పి కదా అంటే నోర్ముయ్యవే అని అక్కే ముందు ఎక్కింది బస్సు, ఎక్కి కిటికీ సీటు పట్టింది, చిన్నప్పుడు కూడా ఇంతే, కిటికీ సీటు దగ్గర ప్రేమలుండవు, బస్సు బయల్దేరింది, ప్రతి మలుపులోనూ ఆగుతోంది, ఒకామె దిగుతూ దిగుతూ డ్రైవరుతో చెల్లెలి పెళ్ళి సంబంధం మాట్లాడుతోంది, మొన్నైతే చెవి అటు పారేసేది, ఇప్పుడు మాత్రం దిగమ్మా తల్లీ అని మనసులో తిట్టుకుంది, ఒంటిగంటకి ఇంకా వంతెన కనపడలేదు, అప్పుడు అక్క కిటికీలోకి చూస్తూ, మొన్న నేను రానిది మోకాలు నొప్పి వల్ల కాదే అంది, ఆమె ఊఁ అంది, వంతెన దగ్గరికి వద్దామనే చీర కూడా తీసి పెట్టుకున్నాను, అద్దంలో చూసుకున్నాను, ఇన్నేళ్ళ తర్వాత ఈ నోటితో నిన్ను పిలవాలా అనిపించింది, రాలేదు, అంది, ఆ మాటలు గాలిలో సగం పోయినా ఆమెకి అన్నీ వినపడ్డాయి, తెలుసక్కా అంది, ఆమెకి నిజంగానే తెలుసు, మొన్న వంతెన దాటి ఇటూ అటూ చూసినప్పుడు, ఎవరూ రానప్పుడు, పద పద అన్న ఆ ఒక్కమాటనే గట్టిగా పట్టుకుంది ఎందుకో ఇప్పుడు తెలుస్తోంది, పలకరించేవాళ్ళు లేక ఆ గేటువాణ్ణి చుట్టం చేసుకుంది, సంచిలోంచి డబ్బా తీసి ఎడమ అంచు తగ్గించానక్కా, ఒకసారి చూడు అంది, ఇక్కడా, ఇంతమందిలోనా అని అక్క డబ్బాని ఒళ్ళో పెట్టుకుని మూత మీద అరచెయ్యి ఆనించింది, తెరవలేదు, వంతెన కనపడింది, ఒంటిగంటా ఇరవై ఐదు.

గేటు దగ్గర ఆ కోరపన్ను అధికారే, మొన్నటి నవ్వు లేదు, మెడ దగ్గర చెమట, ఆమెని చూడనట్టే చూసి, పక్క తలుపులోంచి వంతెన మీదికి దాటించి, అటు తిరిగి వరసలో రండమ్మా, ఆ వరస కాదు, ఈ వరస అని వేలితో చూపించాడు, అక్కని ఇవతలే ఆపేశారు, కటకటాల వెనక జనంలో అక్క తల కనపడి మునిగిపోయింది, విదేశీయులు అన్న బోర్డు కింద ఆమె నిలబడింది, ముందు మనిషంత సంచులు మోస్తున్న జంట, వాళ్ళ ముందు పెట్టె పట్టుకున్న పొడుగాటాయన, ఒక్కరూ మాట్లాడరు, పక్క వరసలో మాత్రం గంపలు, కబుర్లు, వాళ్ళే, ఒకామె గుర్తుపట్టింది, ఏం పిన్నీ అటు నిలబడ్డావేం, ఇటు రా, మాదాంట్లో తొందరగా అయిపోతుంది అంది, అంది అంటే అది పిలుపు, కాళ్ళు రెండూ అటు జరగబోయాయి, ఆ వరస ఎంత వెచ్చగా ఉందో, ఒక్క అడుగు, ఒక్క అడుగేస్తే మళ్ళీ ఇక్కడిదాన్నే, లేదమ్మా నా వరస ఇదే అంది ఆమె, కోడలు ఇప్పుడేమంటోంది అని మాత్రం అడిగింది, ఉప్పు వేస్తోంది పిన్నీ, పంచదార మానేసింది అందామె, జంట కదిలింది, పొడుగాటాయన దాటాడు, గడియారం రెండుకి పది తక్కువ.

ఎక్కడ పుట్టారు అన్నాడు అధికారి, కొత్త మనిషిని అడిగినట్టే అడిగాడు, ఇక్కడే అంది, ఇప్పటి దేశం చెప్పింది, ఎన్ని రోజులు, ముప్పై, వచ్చిన పని, మా అక్క పళ్ళు సరిచెయ్యడానికండి, ఆయన కలం ఆగింది, అదే రాయమంటారా, అదే రాయండి, ఎవరింట్లో ఉంటారు, మా అక్క ఇంట్లో, మొన్న ఈ ప్రశ్నలు తప్పించుకున్నందుకే పొంగిపోయింది కదా, ఇప్పుడు ఒక్కొక్కటి అడుగుతుంటే ఒక్కొక్క జవాబూ ఆమె నోరంతా నిండుతోంది, ఇంకా అడగవయ్యా, ఇంకేమైనా అడుగు, నా దగ్గర జవాబులున్నాయి, మిమ్మల్ని తీసుకెళ్ళడానికి ఎవరైనా వచ్చారా అన్నాడు, అది ఫారంలో ఉందో లేదో ఆమెకి తెలియదు, వచ్చారు అని చూపిద్దామని కటకటాల వైపు తిరిగింది, అక్క కనపడలేదు, జనం, సంచులు, బస్సు హారను, అక్క లేదు, అప్పుడు వినపడింది.

ప్రయాణికులకు మనవి, మైకు లేదు, అద్దాల గది లేదు, వట్టి గొంతు, ఏటి గాలిని చీల్చుకుని, సకారం ఎక్కడా జారకుండా, కింది సెట్టు కదలడం లేదు, ఎడమ అంచు సరిపోయింది, దేవుడా సరిపోయింది, ముప్పై రెండు సంవత్సరములు ఆలస్యంగా నడుస్తున్న మా చెల్లెలు బుడంకాయ మరికొద్ది క్షణాల్లో గేటు దగ్గరికి వచ్చుచున్నది, గంపల ఆడవాళ్ళు తిరిగి చూశారు, సంచుల జంట తిరిగి చూసింది, అవతల బస్సు ఎక్కబోతున్న ముసలాయన ఒకడు ఆ గొంతు గుర్తుపట్టి ఎక్కబోయినవాడు దిగాడు, ఇప్పుడు కనపడింది అక్క, ఏదో అరుగెక్కి నిలబడింది, రెండు చేతులూ కటకటాల మీద ఉన్నాయి, నోటికి ఏ చెయ్యీ అడ్డం లేదు, ఆమె కళ్ళ నిండా నీళ్ళు, అధికారి ముద్ర దించాడు, తెల్ల పేజీ మీద దభీమని పడింది, తేదీ, నంబరు, ఇవాళ్టి తేదీ, మొన్నటిది కాదు, సరిగ్గానే ఉంది, మొన్న వచ్చింది రావడం కాదు, వెళ్ళడం నాలుగుసార్లు చెప్పించుకుని వెళ్ళిన మనిషి చెప్పేవాళ్ళు లేకుండా దొంగలా జొరబడితే అది రాక ఎలా అవుతుంది, ఇన్నేళ్ళూ తాను అడగకుండా లోపలికి పోనివ్వడమే ఇల్లు అనుకుంది, కాదు, వెళ్ళిందని చెప్పిన గొంతే వచ్చిందని కూడా చెప్పాలి, అందుకు ఈ వరసలో నిలబడాల్సి వస్తే ఏటా నిలబడుతుంది, అక్క రెండోసారి చెప్పింది, రెండుసార్లు చెప్పాలని రూలు, వెళ్ళండమ్మా అని అధికారి పాస్‌పోర్టు అందించాడు, ఆమె గేటు ముందు ఆగింది, మూడోసారి విన్నది, నాలుగోసారి కూడా పూర్తిగా విన్నది, చివర్లో ఎక్కడా ఆగలేదు ఆ గొంతు, ఇదిగో ఇప్పుడొచ్చాను అనుకుని గేటు దాటింది.